శుక్రవారం తల మీద చేతులు పెట్టిన అక్కలే మంగళవారం కిస్తీ అడుగుతున్నారు, నేను ఏం సాక్ష్యం చెప్పాలి?

హనుమకొండ_టైలర్

అందరికీ వందనాలు. చాలా రోజులుగా చదివి పోతున్నానే తప్ప రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. మాది హనుమకొండ. ఊరు చెప్పాను, గల్లీ చెప్పను, సంఘం పేరు అసలే చెప్పను.

మా ఆయన ఏనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి సీజన్లో చేతినిండా పని, చేతినిండా పైసలు, ఆ పైసలున్నన్ని రోజులు తాగుడు. సీజన్ అయిపోతే పని పోతుంది, పైసలు పోతాయి, తాగుడు మాత్రం పోదు. కొట్టడం రోజూ ఉండదు. (రోజూ ఉండదు అని రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది, అదేదో గొప్ప అన్నట్టు.) నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. ఇల్లు నడిచేది దాని మీదే. బిడ్డ తొమ్మిదో తరగతి, బాబు ఆరు.

పోయిన నెల ఒక శుక్రవారం ఉపవాస కూడికకు పోయాను. ఆ రోజు నా పేరు పెట్టి ప్రార్థన చేశారు, ఏడెనిమిది మంది అక్కలు నా తల మీద, భుజాల మీద చేతులు పెట్టారు, నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను, చాలా రోజుల తర్వాత గుండె తేలికైంది. రెండున్నరకు ఇంటికొచ్చి తలుపు తీస్తే మిషను లేదు. అది ఉండే చోట బండ మీద నాలుగు కాళ్ల తుప్పు మరకలు, చుట్టూ దారపు ముక్కలు, ఒక బాబిన్ మంచం కిందికి దొర్లి ఉంది. ఆటోలో వేసుకుపోయి ఎవరి దగ్గరో నాలుగు వేలకు కుదువ పెట్టాడు. పెళ్లివాళ్ల బ్లౌజులు పదకొండు, కత్తిరించినవి కత్తిరించినట్టే గూట్లో ఉన్నాయి. నేను చేతులెత్తి పాట పాడుతున్న టైంలోనే అతను మిషను ఎత్తుకుపోయాడు. ఈ ఒక్క మాట నా బుర్రలోంచి పోవట్లేదు.

ఇక అప్పు. పొదుపు సంఘం లోను వేరే ఉంది, దానితో ఇబ్బంది లేదు. వారం వారం కట్టే ప్రైవేటు గ్రూపు లోను ఒకటి తీసుకున్నా. పది మందిమి, ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మంది వేసుకోవాలి. అందరిదీ ఒకే గల్లీ కాబట్టి ఆ పది మందిలో ఆరుగురు మా మందిరం అక్కలే. శుక్రవారం నా తల మీద చేతులు పెట్టినవాళ్లే మంగళవారం పొద్దున సెంటర్ మీటింగ్‌లో "నీ కిస్తీ సంగతేంది, మా పిల్లల నోటికాడిది తీసి నీకు కట్టాల్నా" అంటున్నారు. వాళ్లది తప్పనలేను, వాళ్ల స్థానంలో ఉంటే నేనైనా అడుగుతాను. కానీ అప్పటి నుంచి శుక్రవారం వస్తుందంటే కాళ్లు కదలట్లేదు.

పాస్టరమ్మ మంచిదే, రెండుసార్లు బియ్యం పంపింది. ఇప్పుడు స్త్రీల ఆదివారం వస్తోంది కదా, "శ్రమలో నిలబడ్డ సహోదరివి, నువ్వు సాక్ష్యం చెప్పు, అందరికీ ఆదరణగా ఉంటది" అంటోంది. సాక్ష్యం అంటే మన కష్టంలో దేవుడు ఏం చేశాడో మందిరంలో అందరి ముందు చెప్పడం, చివర్లో "కానీ దేవుడు" అని రావాలి. నాకు ఆ "కానీ" ఇంకా రాలేదు, ఏం చెప్పాలి?

అడగాలనుకున్నవి ఇవి. ప్రార్థన చేస్తూ చేస్తూ దేవుడి మీదే కోపం వస్తే అది అవిశ్వాసమా? కిస్తీ కట్టలేని నెలలో దశమభాగం (మందిరానికి ఇచ్చే పదో వంతు) ఇవ్వకపోతే శాపమా (ఒక అక్క బైబిల్లో మలాకీ మూడో అధ్యాయం చూపించింది)? మా తమ్ముడు కంప్లైంట్ ఇద్దామంటున్నాడు, విశ్వాసురాలు భర్త మీద కేసు పెట్టొచ్చా? దయచేసి "ప్రార్థనలో పెట్టు తల్లీ" అని మాత్రం రాయకండి. పెట్టే ఉన్నాను.

డోర్నకల్_టీచరమ్మ

బిడ్డా, నేను డోర్నకల్ దగ్గర బడిలో ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, నీ వయసు బిడ్డ నాకూ ఉంది, అందుకే బిడ్డా అంటున్నా. దశమభాగం సంగతి, కేసు సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నేను ఆ కోపం సంగతి చెప్తా, అది నాకు బాగా తెలుసు.

నయోమి మోయాబులో మొగుణ్ని, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చింది. ఊరి ఆడవాళ్లు ఈమె నయోమేనా అని చుట్టూ మూగితే, నన్ను నయోమి అనకండి, మారా (అంటే చేదు) అనండి, దేవుడే నాకు ఈ చేదంతా చేశాడు అని అందరి ముందే అనేసింది. రూతు పుస్తకం నాలుగే అధ్యాయాలు, మొత్తం చదువు, ఆ మాట అన్నందుకు ఆమెను దేవుడు మందలించినట్టు గానీ, ఊరివాళ్లు మందలించినట్టు గానీ ఎక్కడా ఉండదు. రూతు కూడా అత్తకు వాక్యం చెప్పలేదు చూడు. పొద్దున్నే లేచి పొలానికి పోయి పరిగె ఏరింది. సాయంత్రం యవలు దుల్లగొట్టి మోసుకొచ్చి, తను తినగా మిగిలిన పేలాలు దాచి తెచ్చి అత్తకు పెట్టింది. మన దగ్గర వరి కోసినంక పరిగె ఏరిన ఆడవాళ్లకు ఆ నడుము నొప్పి ఏంటో తెలుసు, పెద్ద పెద్ద ప్రసంగాలు చేసేవాళ్లకు తెలియదు.

బిడ్డలు లేక ఏడ్చిన హన్నా సంగతీ అంతే. గుడిలో పెదవులు కదులుతున్నాయి, గొంతు వినిపించడం లేదు, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు! కడుపులో బాధ పెట్టుకుని వచ్చిన ఆడదాన్ని గుడిలో ఉన్న పెద్దమనిషి తప్పుగా చూడటం ఇవాళ మొదలైంది కాదు. ఆమె ఏం చేసిందో చూశావా, తలవంచుకుని వెళ్లిపోలేదు. అయ్యా నేను తాగలేదు, నా మనసులోది దేవుడి ముందు కుమ్మరిస్తున్నా అని ఎదురు చెప్పింది.

మా ఆయన పోయినప్పుడు మా ఇంటికి వచ్చి ఆదరణ చెప్పనివాళ్లు లేరు. ఒకాయన "దేవుడికి ఇష్టమైన పువ్వును కోసుకున్నాడు" అన్నాడు, ఆయన్ని ఇప్పటికీ నేను పూర్తిగా క్షమించలేదు, ఆ సంగతి దేవుడికీ తెలుసు. గుర్తున్నది మాత్రం ఒక ముసలమ్మ. చదువు రాదు. పది రోజులు సాయంత్రం పూట వచ్చి నా పక్కన పీట వేసుకుని మా ఇంటి చింతపండు గింజలు తీసేది. ఒక్క మాట చెప్పలేదు. చీకటి పడ్డాక చేతులు కడుక్కుని "పోయొస్తనమ్మా" అని వెళ్లిపోయేది. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు మెదపలేదు, అంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడిపోయారు.

ఇంకొకటి. మా డోర్నకల్ పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని కట్టించిన అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్థుడు బిషప్ కావడం అదే మొదలు. ఊళ్లలో మనం కొట్లాడాల్సిన దయ్యాలు నాలుగున్నాయి, మురికి, రోగం, అప్పు, తాగుడు అనేవారట ఆయన. ఆ నాలుగిట్లో రెండు నీ ఇంట్లోనే ఉన్నాయి బిడ్డా. ఆయన వాటిని దయ్యాలన్నాడు, దేవుడు పంపిన శోధన, ఓర్చుకో అనలేదు.

సాక్ష్యం చెప్పాలని లేకపోతే చెప్పకు. పాస్టరమ్మ బాధపడితే రెండు రోజులు పడుతుంది, ఏం కాదు.

సిలువ_సైనికుడు

సహోదరికి ప్రభువు నామంలో వందనాలు. పైన రాసినవి మానవ ఆలోచనలు. 21 రోజులు ఉపవాసముండి ఇంటి నాలుగు మూలలా ప్రార్థన నూనె రాయండి, మీ భర్తలోని తాగుడు ఆత్మ వెళ్లిపోతుంది, ఇది ఎందరో జీవితాల్లో జరిగింది. దశమభాగం ఆపవద్దు, ఆపితే మిడత తింటుంది. విశ్వాసులు లోకపు న్యాయస్థానాల చుట్టూ తిరగకూడదని 1 కొరింథీ 6లో స్పష్టంగా ఉంది. స్త్రీ మౌనంగా ఉంటేనే ఇల్లు నిలుస్తుంది. ఆమేన్.

జగిత్యాల_చిన్నమ్మ

సైనికుడు అన్నా, ఆమె ప్రార్థనలో పెట్టమని రాయకండి అని అడిగింది, మీరు 21 రోజులు పెట్టమన్నారు. ఆమె తినేదే అంతంత మాత్రం, ఇంకా ఉపవాసం ఉండమంటారా. ఇల్లు నిలవడం సంగతి సరే, ఆ ఇంట్లోంచి మిషను ఎత్తుకుపోయింది ఎవరు, ఆమెనా?

టైలర్ అక్కా, నీకు ఒకటి చెప్తా. మా అమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు, పక్కన కత్తెర, రోజుకు వెయ్యి పూర్తి కావాలంటే పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవకూడదు. వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగా, పగిలి ఉండేవి. మా నాయిన కూడా మీ ఆయన లెక్కనే. మా అమ్మ పక్కా విశ్వాసురాలు, మొత్తం కీర్తనలు నోటికి వచ్చు, కానీ ఖార్ఖానాలో లెక్క తీసుకున్న రోజు సగం పైసలు జొన్నపిండి డబ్బాలో అడుగున గుడ్డలో కట్టి పెట్టేది. నాయిన అడిగితే "ఇంతే వచ్చినయ్" అనేది. నేను పెద్దయ్యాక అడిగాను, అమ్మా నువ్వు అబద్ధం ఆడినట్టే కదా అని. అబీగయీలు సంగతి చదువుకో పో అంది.

చదివాను. 1 సమూయేలు 25. ఆమె మొగుడు నాబాలు ఆస్తి ఉన్నోడు, మోటోడు, వాడి పొగరు వల్ల దావీదు నాలుగు వందల మందితో ఇంటి మీదికి వస్తున్నాడు. అబీగయీలు ఏం చేసింది? మొగుడికి చెప్పకుండా రెండు వందల రొట్టెలు, ఐదు గొర్రెల మాంసం, ఎండు ద్రాక్ష, అంజూరపు ముద్దలు గాడిదల మీద వేయించి ఎదురెళ్లింది. ఇంటికొచ్చేసరికి నాబాలు ఫుల్లుగా తాగి ఉన్నాడు, తాగినోడితో ఏం మాట్లాడినా వేస్ట్ అని తెల్లారేదాకా ఒక్క మాట చెప్పలేదు. పొద్దున మత్తు దిగాక చెప్పింది. ఇంత తెలివి! తాగుబోతు ఉన్న ఇంట్లో ఆడదానికి ఏ టైంలో ఏం చెప్పాలో తెలియాలి, అది బైబిల్లో అక్షరాలా ఉంది. పైగా ఆమెను సుబుద్ధి గలది అని రాశారు, భర్తకు చెప్పకుండా పోయింది అని తిట్టలేదు.

అందుకని ఇకముందు నీ కుట్టు పైసలు ఇంట్లో ఉంచకు. పొదుపు సంఘం ఖాతాలోనో, నీ ఒక్కదాని పేరు మీద ఉన్న ఖాతాలోనో వేసుకో, ఏటీఎం కార్డు మీ అమ్మ దగ్గర పెట్టు.

నా సంగతి కూడా చెప్తా, మా ఆయన షార్జాలో ఉన్నాడు, పోయేటప్పుడు ఏజెంటుకు కట్టిన అప్పు మిత్తితో కలిపి ఇంకా తీరలేదు, మధ్యలో ఏడు నెలలు పైసలు రాలేదు. అప్పుడు మా సంఘంలో ఒక్కరికి కూడా చెప్పలేదు నేను, ఆదివారం మంచి చీర కట్టుకుని పోయి ముందు వరసలో కూర్చునేదాన్ని. ఎవరికీ తెలియకపోతే ఎవరు సాయం చేస్తారు చెప్పు. నువ్వు మీ వాళ్లకు ఎంతవరకు చెప్పావు? మిషను పోయింది అని చెప్పావా, లేక "కుటుంబ సమస్యలు" అని చెప్పావా? మనం ప్రార్థన మనవి చెప్పేటప్పుడు కూడా మర్యాదగా చెప్తాం అక్కా. నీ తల మీద చేతులు పెట్టినవాళ్లకు నీ ఇంట్లో ఏముందో తెలియకపోవచ్చు.

కరీంనగర్_నర్సు

నేను ఒక్క విషయం కోసమే రాస్తున్నా, సైనికుడు గారి పోస్టు చూసి భయమేసి.

రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఒక్కసారిగా ఆపించి గదిలో పెట్టి ప్రార్థన చేయడం చాలా ప్రమాదం. నేను వార్డులో కళ్లారా చూశాను, ప్రార్థనా మందిరం నుంచే తీసుకొచ్చారు. ఆపిన కొన్ని గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పినట్టు అవుతుంది, లేని మనుషులు కనబడతారు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, చూసినవాళ్లు దయ్యం పట్టింది అనుకుంటారు. అది దయ్యం కాదు, మెదడు మద్యానికి అలవాటు పడి అది దొరక్క చేసే గొడవ, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో అయితే మందులిచ్చి మెల్లగా దింపుతారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

మీ ఆయన మానేస్తానని ఒప్పుకున్న రోజు (ఒప్పుకున్న రోజే, మీరు బలవంతంగా లాక్కెళ్తే నిలవదు) పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, మీకు ఎంజీఎం దగ్గరే. ముందుగా ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం కూడా చేయొచ్చు. నిద్ర పడుతోందా మీకు? చచ్చిపోవాలనిపిస్తోందా? సూటిగా అడిగానని ఏమనుకోకండి, వార్డులో ఇలాగే అడుగుతాం, అడిగితేనే చెప్తారు.

ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిలో ప్రార్థన చేసుకోండి, నేనూ చేస్తాను, డ్యూటీ ఎక్కే ముందు రోజూ చేస్తాను.

పెద్దపల్లి_కాపరి

సహోదరీ, నేను ఒక చిన్న సంఘానికి పాస్టర్ని. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

పన్నెండేళ్ల కింద ఒక సహోదరి చేయి వాచి మా ఇంటికొచ్చింది. నేను 1 పేతురు మూడో అధ్యాయం తీసి, భార్యలు లోబడాలి అని చదివి, ప్రార్థన చేసి వెనక్కి పంపాను. నేను చదివింది ఆరో వచనం దాకానే. ఏడోది ఏంటంటే, భర్తలు భార్యలను సన్మానించాలి, లేకపోతే వాళ్ల ప్రార్థనలకే అడ్డం వస్తుంది. ఆ ఒక్క వచనం ఆమె భర్తను పిలిచి చదివి ఉండాల్సింది. ఆమె మళ్లీ మా సంఘానికి రాలేదు. వేరే ఊళ్లో బాగానే ఉందని విన్నాను, కానీ అది నా గొప్ప కాదు.

మలాకీ మూడు చూపించిన అక్కకు మలాకీ రెండు కూడా చూపించండి, 13 నుంచి 16 దాకా. బలిపీఠం కన్నీళ్లతో తడుస్తోంది, అయినా మీ కానుక నేను తీసుకోను అంటున్నాడు దేవుడు. ఎందుకు తీసుకోడట? పెళ్లాడిన భార్యకు ద్రోహం చేశావు, దానికి నేనే సాక్షిని అంటున్నాడు. ముందు అది చదివాక పేజీ తిప్పి దశమభాగం గురించి మాట్లాడాలి. పేద విధవరాలు తనకున్న రెండు కాసులూ కానుక వేసిన సంగతి మేము ప్రతి కానుకల పండుగకు చెప్తాం, దానికి సరిగ్గా ముందు లూకా 20 చివర్లో విధవరాండ్ర ఇళ్లు మింగేవాళ్లను యేసు తిట్టిన మాట మాత్రం దాటేస్తాం. పాస్టర్ని, మా ఇల్లు నడిచేది కూడా కానుకల మీదే, అయినా చెప్తున్నా. అప్పు ఉన్నప్పుడు అప్పు కట్టండి. 2 రాజులు 4లో అప్పులోడు పిల్లలను ఎత్తుకుపోతానంటే ప్రవక్తల శిష్యుల్లో ఒకరి విధవరాలు ప్రవక్త ఎలీషా దగ్గరికి వచ్చింది. ఎలీషా ఆమె విశ్వాసం సంగతి అడగలేదు, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఇరుగుపొరుగు ఖాళీ పాత్రలు ఇచ్చారు. ఆమె ఇంట్లో ఉన్న కొంచెం నూనెతోనే ఆ పాత్రలన్నీ నిండాయి. ఆ నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వు, నీ పిల్లలు బతకండి అన్నాడు. నా వాటా అని అడగలేదు.

సైనికుడు సోదరుడికి: 1 కొరింథీ 6 సోదరుల మధ్య చిన్న చిన్న తగాదాల గురించి. అది రాసిన పౌలే కొరడాలతో కొట్టబోతే నేను రోమా పౌరుణ్ని అని చట్టం ఎత్తాడు, చివరికి కైసరు దగ్గరికే అప్పీలు పెట్టుకున్నాడు. లూకా 18లో యేసు చెప్పిన కథలో విధవరాలు మాటిమాటికీ పోయి న్యాయం అడిగింది కూడా జడ్జినే.

వరంగల్_వాలంటీర్

కోర్టులో ఉచిత న్యాయ సేవల్లో పారా లీగల్ వాలంటీర్‌గా చేస్తున్నా. సూటిగా పనికొచ్చేవి చెప్తా.

గృహ హింస చట్టం 2005లో కొట్టడమే కాదు, ఆర్థిక హింస కూడా హింసే అని ఉంది. మీ సంపాదన లాక్కోవడం, మీ సామాను, ఇంటి సామాను మీకు చెప్పకుండా అమ్మడం, కుదువ పెట్టడం అందులోకే వస్తాయి. మిషను తిరిగి ఇప్పించమని, ఇంట్లోంచి మిమ్మల్ని వెళ్లగొట్టకూడదని ఆర్డరు అడగొచ్చు, ఇల్లు అతని పేరు మీద ఉన్నా సరే, అత్త పేరు మీద ఉన్నా సరే, అద్దె ఇల్లయినా సరే. దీనికోసం విడాకులు అడగాల్సిన పని లేదు, చాలామంది ఆ భయంతోనే రారు. ఒకవేళ ఎప్పుడైనా అడగాల్సి వస్తే, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం. 2001లో మార్చేదాకా క్రూరత్వం ఒక్కటే చూపించి భార్య విడాకులు తీసుకోవడానికి లేకుండేది, ఇప్పుడు ఉంది.

ఫోన్ 181 మహిళల హెల్ప్‌లైన్. సఖి కేంద్రానికి నేరుగా పోవచ్చు, కౌన్సెలింగ్, కేసు, అవసరమైతే కొద్ది రోజులు ఉండే వసతి అక్కడే చూస్తారు. లాయరు ఖర్చుకు భయపడకండి, 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు, నంబరు 15100. అప్పటికప్పుడు కొడితే 112.

గ్రూపు లోను గురించి: రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ వాళ్లు పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, తిట్టకూడదు, బెదిరించకూడదు. అప్పు మాఫీ కాదు, కానీ గడువు అడగొచ్చు, కాగితం మీద రాసి అడగండి, నోటితో కాదు. కుదువ పెట్టించుకున్న మనిషి ఎవరో తెలుసా? మిషను కొన్న బిల్లు ఉంటే దాచండి.

హనుమకొండ_టైలర్

అందరికీ వందనాలు. మూడు వారాలు రాయలేదు, ఫోన్ బాబు ఆన్‌లైన్ క్లాసుకు పోతోంది.

నర్సు అక్కా, నిద్ర పట్టట్లేదు, రెండోదానికి ఒకప్పుడు అవును, ఇప్పుడు కాదు. 14416కి ఒకసారి చేశాను. అవతల ఆవిడ గంటసేపు విన్నది, నడుమ ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

తమ్ముణ్ని తీసుకుని సఖికి పోయాం. మా ఆయన్ని పిలిపించారు, మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. ఆసుపత్రికి వస్తానని ఇంకా అనలేదు. కొట్టడం అయితే ఆగింది, ఎన్ని రోజులో తెలియదు. మిషను ఇంకా రాలేదు, పెట్టించుకున్న మనిషి మిత్తి కలిపి ఐదున్నర అడుగుతున్నాడు. బిల్లు దొరికింది, గోధుమపిండి డబ్బా కింద ఉంది (జగిత్యాల అక్కా, మీ అమ్మ గుర్తొచ్చింది).

స్త్రీల ఆదివారం నిలబడ్డాను. పాస్టరమ్మతో ముందే చెప్పాను, నా దగ్గర విజయం లేదు, ఉన్నది చెప్తా అని, ఆమె కాసేపు ఆలోచించి సరే అంది. మైకు పట్టుకుంటే చేతులు వణికాయి. కూడికకు వచ్చిన శుక్రవారమే నా మిషను పోయింది, నాలుగు వారాలుగా కుట్టు లేదు, దేవుణ్ని రోజూ ఎందుకు అని అడుగుతున్నా, ఇంకా చెప్పలేదు, అయినా అడుగుతున్నా. ఇంతే. "ఆమేన్" అని కూడా అనలేదు, మర్చిపోయాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒక ముసలామె మాత్రం గట్టిగా ఏడ్చింది, ఆమె ఎందుకు ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక పెద్దాయన బయటికొచ్చాక ఇలాంటివి మందిరంలో చెప్పకూడదమ్మా అన్నాడు.

సోమవారం రాత్రి గ్రూపులో ఉన్న అక్కలు ఇద్దరు ఇంటికొచ్చారు. మిషను పోయిందని వాళ్లకు నిజంగానే తెలియదట, చేతికి పని లేదనుకున్నారట. ఆ వారం కిస్తీకి చెరి రెండు వందలు పెట్టారు. "ఇది దానం కాదు, రాసిపెట్టుకో, మిషనొచ్చినంక మా బ్లౌజులు కుట్టి తీర్చు" అంది పెద్దక్క. మిగతా నలుగురు రాలేదు. వాళ్లకూ ఇబ్బందులున్నాయి.

పదకొండు బ్లౌజుల్లో ఆరు చేత్తో కుట్టి ఇచ్చాను. మిగతా ఐదు వాళ్లు తీసుకుపోయారు.

జగిత్యాల_చిన్నమ్మ

అక్కా నీది కాలు మిషనా, మోటారుదా?

హనుమకొండ_టైలర్

కాలుదే అక్కా, పాత నల్లది. ఎందుకు?

జగిత్యాల_చిన్నమ్మ

మా అత్తది ఒకటి అటక మీద ఉంది, ఆరేళ్ల నుంచి ముట్టలేదు. బెల్టు తెగింది, షటిల్ పట్టేసింది, సూది కూడా లేదు. వచ్చే గురువారం మా మరిది కారేసుకుని వరంగల్ వస్తున్నాడు. నీ నంబరు విడిగా పంపు, ఇక్కడ పెట్టకు.

హనుమకొండ_టైలర్

బెల్టు నేను వేయించుకుంటా అక్కా, షటిల్ కిరోసిన్‌లో నానబెడితే వస్తది. స్టాండు కూడా ఉందా, లేక తలకాయ ఒక్కటేనా?

జగిత్యాల_చిన్నమ్మ

స్టాండు ఉంది. ఒక చక్రం ఊడింది.